గెలిచిన బాణీని వదిలేసే బ్యోర్క్

2001 ఆస్కార్ వేడుకకు హంసను మెడకు చుట్టుకున్నట్టుండే గౌనులో వచ్చిన గాయని బ్యోర్క్ అంటే చాలామంది గుర్తుపడతారు. పాపం, ఆ గౌను మీద పేలిన జోకులు ఆమె పాటలకన్నా ఎక్కువ ఊళ్లు తిరిగాయి!

బ్యోర్క్ పుట్టింది ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో, 1965లో. బడికెళ్లే వయసులోనే, 1977లో తొలి ఆల్బమ్ వచ్చింది. తాను పాడే ‘షుగర్‌క్యూబ్స్’ బృందం విడిపోయాక లండన్‌లోని డ్యాన్స్ సంగీతంతో దోస్తీ కట్టి, 1993లో ‘డెబ్యూ’ విడుదల చేసింది. అందులో మనకూ కాస్త వాటా ఉంది. ‘వీనస్ యాజ్ ఎ బాయ్’ పాటలో వినిపించే తీగల వాద్యాలు బొంబాయి సినిమా స్టూడియో కళాకారులవి. దగ్గరుండి వాయింపించింది తబలా విద్వాంసుడు తల్విన్ సింగ్.

ఆ ఆల్బమ్ ఆడింది. ఇంకొకరైతే అదే దారిలో పదేళ్లు నడిచేవారు. ఆమె మాత్రం 1997 నాటి ‘హోమోజెనిక్’లో వయొలిన్ల పక్కన లావా ఉబికినట్టుండే మొరటు బీట్లు పెట్టింది. దానికీ చప్పట్లు మోగాయి. దాన్నీ వదిలేసింది.

2001లో ‘వెస్పర్‌టీన్’ వచ్చింది. నా లెక్కలో ఆమె పనితనానికి శిఖరం ఇదే. పాటలు ఇంటర్నెట్‌లో కుదించిన ఫైళ్లుగా చేతులు మారుతున్న రోజులవి. అలా కుదించినా, చిన్న కంప్యూటర్ స్పీకర్లో విన్నా చెడని శబ్దాలు ఏవని వెతికి హార్ప్, సెలెస్టా, కీ ఇస్తే మోగే మ్యూజిక్ బాక్స్ ఎంచుకుంది. ఆ పెట్టెల్ని చెక్కతో కాకుండా పారదర్శకమైన ప్లాస్టిక్‌తో చేయించింది, నాదం మెత్తబడకుండా గట్టిగా పలకాలని. డ్రమ్ముల పని పేకముక్కలు కలిపే చప్పుడు, మంచు చిట్లే చప్పుడు చేశాయి. వాటిని సన్నగా తరిగి తాళంగా పేర్చారు. యంత్రాలతో చేసిన సంగీతంలో ప్రాణం ఉండదనేవాళ్లకు ఈ ఒక్క ఆల్బమ్ చాలు.

తర్వాత? 2004లో ‘మెడుల్లా’ దాదాపు మొత్తం గొంతులతోనే చేసింది. 2011లో ‘బయోఫిలియా’ను యాప్‌గా తెచ్చింది, మెరుపులు చిమ్మే టెస్లా కాయిల్‌తో స్వరాలు పలికించింది. న్యూయార్క్ ‘మోమా’ మ్యూజియం తన సేకరణలో చేర్చుకున్న తొలి డౌన్‌లోడ్ యాప్ అదే. నిజం చెప్పాలంటే అక్కడ ఆలోచనలు ముందు పరిగెత్తాయి, బాణీలు వెనకబడ్డాయి. భర్తలాంటి సహచరుడితో తెగిపోయిన బంధాన్ని పాడిన ‘వల్నిక్యూరా’ (2015) ఆ లోటు తీర్చింది. 2022 నాటి ‘ఫొస్సోరా’లో, చనిపోయిన తల్లిని తలచుకునే పాటల పక్కనే బేస్ క్లారినెట్లు, చెవులదిరే గబ్బర్ బీట్లు ఉన్నాయి. ఆ పేరు చూసి ‘షోలే’ అనుకునేరు, అది నెదర్లాండ్స్ డ్యాన్స్ సంగీతం!

కొత్తగా వినేవాళ్లు ‘వెస్పర్‌టీన్’తో మొదలుపెట్టండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే వినండి. అక్కడినుంచి ‘హోమోజెనిక్’కు వెళ్లండి. ‘మెడుల్లా’ జోలికి మాత్రం మొదటి వారంలో పోవద్దు.