జీడిపండు గొంతు ఎందుకు పట్టుకుంటుంది?

అమెరికా, కెనడాలలో వేసవి వచ్చిందంటే తాజా బ్లూబెర్రీలను పిండిలోనూ వెన్నలోనూ కలిపి కేకులుగా, పైలుగా కాల్చుకోవడం ఇంటింటి ఆనవాయితీ కాగా, ఇప్పుడు ఆ పండు విమానమెక్కి వచ్చి విశాఖపట్నం బేకరీల అద్దాల వెనుక కూడా కనిపిస్తున్నది. మన వేసవిలో, అంటే మార్చి నుంచి మే దాకా, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల తోటల్లో ఎర్రగా, పసుప్పచ్చగా మిలమిలలాడే జీడిపండ్లు చెట్ల కింద రాలిపడి, పిక్క వేరు చేసిన మరుక్షణం పనికిరానివైపోయి అక్కడే కుళ్లుతుంటాయి. ఎక్కడి పండో మన మిఠాయిల్లోకి వస్తుండగా పెరటి పండు ఎందుకు రాలేదని పాఠకులు అడిగే ప్రశ్నకు రవాణా, గిట్టుబాటు, నిల్వ అనే సమాధానాలు ఎవరైనా చెప్పగలరు. వాటన్నిటికీ ముందు మనిషి నోటిలో, నాలుకకూ అంగిలికీ నడుమ జరిగే ఒక రసాయన చర్య ఉంది. ఆ చర్య తెలిస్తే జీడిపండును బాగుచేసే పద్ధతులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ముందుగా మౌలిక విషయాలు. జీడిమామిడి ఈశాన్య బ్రెజిల్ తీరపు చెట్టు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు గోవాకు తేగా, ఇసుక నేలను పట్టి నిలుపుతుందన్న పేరుతో తూర్పు తీరానికి కూడా పాకింది. వృక్షశాస్త్రం ప్రకారం అసలు ఫలం పిక్కే. పండు అని మనం పిలిచేది పువ్వు కాడ ఉబ్బి రసవంతమైన భాగం మాత్రమే. అందులో నూటికి ఎనభై అయిదు పాళ్లు నీరు, పది పాళ్లకు అటూ ఇటూగా చక్కెర, నారింజకు నాలుగైదు రెట్లు విటమిన్ సి ఉంటాయి. పండు బరువు పిక్క బరువుకు అయిదు రెట్లకు తక్కువ ఉండదు కనుక, పలాస–కాశీబుగ్గ వ్యాపారులు ధర కట్టే ఎనభై కిలోల పిక్కల బస్తా ఒకటి నిండిందంటే నాలుగు వందల కిలోలకు పైగా పండు ఎక్కడో నేలపాలైందన్న మాట. కోసిన పండు ఒకటి రెండు రోజుల్లో పులిసిపోతుంది.

ఇక గొంతు సంగతి. జీడిపండు కొరికినప్పుడు కలిగే బాధను జనం ఒక్కటిగానే చెప్పుకుంటారు గాని, దాని వెనుక రెండు వేరువేరు కారణాలున్నాయి. ఒకటి గీరుడు: తొక్కలో ఉండే జిడ్డు వంటి ఘాటు పదార్థాలు గొంతు లోపలి పొరను చికాకు పరుస్తాయి. పిక్క చిప్పలోని నూనె చేతులను పొక్కిస్తుంది గనుక ఆ నూనె పండులోకి దిగడం వల్లనే గొంతు పట్టుకుంటుందని చాలామంది నమ్ముతారు. పిక్కను శుభ్రంగా తీసేసి, నూనె తగలని పండును రుచి చూసినా నోరు బిగుసుకుంటుంది కనుక ఆ నమ్మకం సగం మాత్రమే నిజం. మిగిలిన సగం రెండో కారణానిది. అది వగరు, దానికి మూలం టానిన్లు. చెట్లు తమ బెరడులో, కాయలో, ఆకులో దాచుకునే, అనేక వలయాలుగా అల్లుకున్న పెద్ద అణువులను టానిన్లు అంటారు.

టానిన్ల చరిత్ర తోళ్ల పదునుతో మొదలవుతుంది. తంగేడు చెక్క, కరక్కాయ నానబెట్టిన నీళ్లలో పచ్చి తోలును ఊరవేస్తే అది కుళ్లకుండా గట్టిపడుతుందని తెలుగునాట తరతరాలుగా తెలుసు గాని, అలా ఎందుకు జరుగుతుందో 18వ శతాబ్దం చివరివరకు ఎవరూ చెప్పలేకపోయారు. ఫ్రాన్సులో అర్మాన్ సెగాన్ చెట్టు బెరడు కషాయాన్ని జంతు జిగురు ద్రావణంలో పోసి, రెండూ కలిసి తెల్లని ముద్దగా అడుగుకు దిగడం గమనించాడు. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఆ పరీక్షనే కొలమానంగా చేసుకొని, బొంబాయి నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన కాచును, అంటే తాంబూలంలో వేసుకునే కాచునే, పరీక్షించి 1803లో రాయల్ సొసైటీకి నివేదించాడు. తోలులోని ప్రోటీనును టానిన్ పట్టుకొని బిగిస్తుందన్న సంగతి ఆ విధంగా స్థిరపడింది. అయితే అదే చర్య బతికున్న మనిషి నోటిలోనూ జరుగుతుందని సిద్ధాంతీకరించడానికి మరో నూట యాభై ఏళ్లు పట్టింది. కేంబ్రిడ్జిలో పనిచేసిన ఇ.సి. బేట్‌స్మిత్ 1954లో, వగరు అనేది లాలాజలంలోని ప్రోటీన్లు టానిన్లతో కలిసి ముద్దకట్టడం వల్ల కలిగే అనుభూతి అని ప్రతిపాదించాడు.

ఈ చర్యలోని అందమంతా ప్రోలీన్ అనే అమైనో ఆమ్లంలో ఉంది. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాలు వరుసగా గుచ్చుకున్న గొలుసు. సాధారణంగా ప్రతి అమైనో ఆమ్లానికీ ఉండే పక్క శాఖ గొలుసుకు బయట వేలాడుతుంది. ఒక్క ప్రోలీన్‌లో మాత్రం ఆ శాఖ వెనక్కి తిరిగి గొలుసుకే అతుక్కొని చిన్న వలయంగా ఏర్పడుతుంది. వలయం ఉన్న చోట గొలుసు స్వేచ్ఛగా మెలితిరగలేదు గనుక, ప్రోలీన్ ఎక్కువగా ఉన్న ప్రోటీను ఉండగా చుట్టుకుపోక, సాగి, విప్పారి, నలువైపులా తెరుచుకొని ఉంటుంది. మన చెవుల ముందు ఉండే లాలాజల గ్రంథులు స్రవించే ప్రోటీన్లలో అధిక భాగం సరిగ్గా ఇటువంటి ప్రోలీన్ సమృద్ధ ప్రోటీన్లే. టానిన్‌లోని చదునైన వలయం ప్రోలీన్‌లోని వలయం మీదికి చేరి దానికి ఆనుకుంటుంది. పక్కనే గొలుసులోని ఆక్సిజన్ పరమాణువు టానిన్‌లోని హైడ్రాక్సిల్ సమూహంతో హైడ్రోజన్ బంధం, అంటే తేలికగా ఏర్పడి తేలికగా తెగే బలహీన బంధం, కలుపుకుంటుంది. ఒక్కొక్క బంధం బలహీనమే అయినా, ఒక టానిన్ అణువుకు ఇటువంటి చేతులు చాలా ఉంటాయి కనుక అది ఏకకాలంలో రెండు మూడు ప్రోటీను గొలుసులను పట్టుకుంటుంది, ఆ గొలుసులు మరికొన్ని టానిన్లను పట్టుకుంటాయి, చివరికి అల్లిక బరువెక్కి ద్రావణంలో నిలవలేక రేణువులుగా విడిపోతుంది. అప్పటిదాకా నోటి లోపలి పొరను నునుపుగా ఉంచిన లాలాజలం పలుచబడి, నాలుక అంగిలికి ఒరుసుకుంటుంది. జీడిపండు తిన్నప్పుడు నోరు పిడచగట్టినట్లుండేది ఈ ఒరిపిడి వల్లనే. తంగేడు చెక్క తోలుకు చేసే పనిని జీడిరసం లాలాజలానికి చేస్తున్నది.

లాలాజలంలో ఇటువంటి ప్రోటీన్లు అంత విస్తారంగా ఎందుకున్నాయన్నది ఇంకా రసవత్తరమైన ప్రశ్న. పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1980 దశకంలో టానిన్ ఎక్కువగా ఉండే జొన్నలను ఎలుకలకు పెట్టగా, కొద్ది రోజుల్లోనే వాటి లాలాజల గ్రంథులు పెరిగి, ప్రోలీన్ సమృద్ధ ప్రోటీన్లను అనేక రెట్లు ఎక్కువగా తయారుచేశాయి. అంటే టానిన్లు కడుపులోకి పోయి ఆహారంలోని ప్రోటీన్లను, జీర్ణరసాలను పట్టి చెరచకముందే, శరీరం నోటిలోనే వాటికి ఎరగా ఈ చవక ప్రోటీన్లను వదులుతున్నదన్న మాట. హామ్‌స్టర్లు ఆ ఏర్పాటు చేసుకోలేక అదే జొన్నలు తిని ఎదుగుదల కోల్పోయాయి. వగరును లోపంగా భావించే మనిషి, ఆ అనుభూతి తన ఒంటి రక్షణ వ్యవస్థ పనిచేస్తున్న సంకేతమని గుర్తించడం న్యాయం.

వగరు రుచా, స్పర్శా అన్న వివాదంలో పెద్దపెద్దవాళ్లే తడబడ్డారు. అరిస్టాటిల్ దానిని రుచుల జాబితాలో చేర్చాడు, లిన్నేయస్ కూడా చేర్చాడు. ఆయుర్వేదం షడ్రసాలలో ఒకటిగా కషాయమన్నది. అయితే చరక సంహిత కషాయ రసాన్ని వర్ణించేటప్పుడు నాలుక స్తంభించడాన్ని, గొంతు కట్టినట్లు కావడాన్ని లక్షణాలుగా చెప్పడం గమనార్హం. పేరుకు రసమన్నా, చెప్పిన లక్షణాలు స్పర్శకు చెందినవే. 1993లో బ్రెస్లిన్, ఆయన సహచరులు రుచి మొగ్గలు లేని చోట్ల పటిక ద్రావణాన్ని రాసి చూసి, అక్కడ కూడా వగరు తెలుస్తున్నదని నిరూపించి, ఇది స్పర్శేనని తీర్మానించారు. 2014లో జర్మనీలోని బోఖుం పరిశోధకులు వగరు సంకేతాన్ని మోసేది ముఖ స్పర్శకు సంబంధించిన త్రిధార నాడి అని చూపుతూనే, టానిన్ల వంటి పదార్థాలు ఒరిపిడితో నిమిత్తం లేకుండా నేరుగా నాడీకణాలను కూడా ప్రేరేపించగలవని మెలిక పెట్టారు. ఒరిపిడి ఒక్కటే సమస్తాన్నీ వివరిస్తుందన్న పాత ధీమాకు ఇప్పుడు చోటు లేదు గాని, ప్రోటీను–టానిన్ ముద్ద అనే పునాది మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ పునాది తెలియక పుట్టిన అపోహల్లో అన్నిటికంటె గట్టిది పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్, ఐవరీ కోస్ట్ వంటి దేశాల్లో ఉన్నది. జీడిపండు తిని పాలు తాగితే ప్రాణం పోతుందని అక్కడ పెద్దలు పిల్లలను హెచ్చరిస్తారు. గ్లాసులో రెంటినీ కలిపితే పాలు వెంటనే విరిగి ముద్దలవుతాయి కనుక ఆ భయానికి కళ్లెదుటి సాక్ష్యం కూడా దొరుకుతుంది. వాస్తవానికి పాలలోని కేసీన్ అనే ప్రోటీను 4.6 పి.హెచ్. దగ్గర, అంటే ఆ మాత్రపు పులుపు తగలగానే, విడిపోతుంది. జీడిరసం పులుపు అందుకు దగ్గరగానే ఉంటుంది, పైగా టానిన్లు తోడవుతాయి. పాలలోని బీటా కేసీన్ గొలుసులో ఉండే 209 అమైనో ఆమ్లాల్లో సుమారు 35 ప్రోలీన్లే కనుక లాలాజలపు ప్రోటీను లాగే ఇదీ టానిన్‌కు అనువైన లక్ష్యం. విరిగిన ఆ ముద్దలో విషమేమీ లేదు. అంతేకాదు, టానిన్ పాల ప్రోటీనును పట్టుకున్నదంటే లాలాజలాన్ని పట్టుకోవడానికి మిగలదు, వగరు తగ్గుతుంది. టీలో పాలు పోస్తే ఒగరు చచ్చిపోయేది ఈ కారణంతోనే. పాలను కావాలనే విరగ్గొట్టి కలాకంద్ చేసుకునే దేశంలో, పాలు విరిచే పండు మిఠాయికి పనికిరాదనుకోవడం సబబు కాదు.

మరో ప్రోటీను ఎరను ముందే కలిపి, ఏర్పడిన ముద్దను వడగట్టేయడం బ్రెజిల్‌వారి ఉపాయం. రచయిత, ఔషధ నిపుణుడు అయిన రొదోల్ఫో తెయోఫీలో మద్యానికి ప్రత్యామ్నాయంగా రూపొందించిన కజుయీనా అనే పానీయంలో జీడిరసానికి జెలటిన్ కలుపుతారు. తోలులోని కొల్లాజెన్ నుంచి వచ్చే జెలటిన్‌లో ప్రోలీన్, దాని సోదరి హైడ్రాక్సీప్రోలీన్ దండిగా ఉంటాయి గనుక టానిన్లు దానికి అల్లుకొని అడుగుకు దిగుతాయి. తేరిన రసాన్ని సీసాల్లో నింపి, చక్కెర బంగారు రంగు తిరిగేదాకా వేడిచేస్తారు. జెలటిన్ జంతు పదార్థం కావడం వల్ల మనదేశంలో దానికి బదులు సగ్గుబియ్యాన్ని వాడే పద్ధతి వచ్చింది. లీటరు రసానికి అయిదు గ్రాముల సగ్గుబియ్యప్పిండిని ఉడికించి కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే పైన తేటరసం నిలుస్తుంది; బియ్యపు గంజి కూడా ఇదే పని చేస్తుంది. ఇక్కడ ప్రోటీను కంటె పిండిపదార్థానిది ప్రధాన పాత్ర. ఇక తొక్కలోని గీరుడు పదార్థాలకు ఆవిరే మందు. పండును కొద్ది నిమిషాలు ఆవిరి మీద ఉంచి గాని, రెండు శాతం ఉప్పు నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉడికించి గాని చల్లని నీళ్లతో కడిగితే చాలావరకు పోతాయి.

వంటింటి విషయం ఇంతటితో దాదాపు తేలిపోయినట్లే. ఆవిరిపట్టి, పిండి, గుజ్జు చేసిన జీడిపండును నేరుగా కేకు పిండిలో కలిపితే నీరు ఎక్కువై కేకు ముద్దగా దిగబడుతుంది కనుక, ముందు బెల్లంతోనో చక్కెరతోనో దగ్గరపడేదాకా మరిగించి, ఆ తర్వాతే కోవాలో కలపడం గాని, బిస్కెట్ పొరల నడుమ పరిచి కాల్చడం గాని మేలు. వంటసోడా మితంగా వేయాలి. క్షారం తగిలితే బ్లూబెర్రీలోని ఆంథోసయనిన్ రంగు పచ్చబడినట్లే, జీడిపండులోని వగరు పదార్థాలు గోధుమరంగుకు తిరిగి చూపు చెడగొడతాయి. వేడికి విటమిన్ సి కొంత పోతుంది, దానికి ఉపాయం లేదు. పొటాషియం ఉండే పండ్లరసాలు మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి హాని చేయవచ్చు కనుక, ఆ వ్యాధి ఇంతగా పాతుకున్న ఉద్దానంలో రోగులు వైద్యుని సలహా లేకుండా వీటిని తీసుకోకూడదన్న హెచ్చరిక మాత్రం తప్పనిసరి.

నూట పాతికేళ్ల కిందట బ్లూబెర్రీ కూడా సాగుకు లొంగని అడవి పొద. ఆమ్ల నేలలోనే అది బతుకుతుందని వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కొవిల్ గుర్తించడం, న్యూజెర్సీ రైతు కుటుంబానికి చెందిన ఎలిజబెత్ వైట్ ఆయనతో చేయి కలపడం వల్ల 1916లో తొలి సాగుపంట బజారుకు వచ్చింది. ఒక పండు గుణాన్ని ఓపికగా అర్థం చేసుకున్నవారు ఇద్దరు చాలారక్కడ. ఇక్కడ బాపట్ల జీడి పరిశోధన కేంద్రం బీపీపీ–8 వంటి మేలురకాలు ఇచ్చిందంటే వాటిని ఎక్కువగా కొలిచింది పిక్క దిగుబడితోనే. పండు వగరు, తీపి, రసం ఎంపికలో ముందు వరుసకు రాలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి జీడితోటలను కూల్చిన తర్వాత రైతులు మళ్లీ మొక్కలు నాటుకుంటున్న ప్రాంతమిది. నాటే రకాలను నిర్ణయించేవారు పిక్క బరువుతో పాటు పండులోని టానిన్‌ను కూడా కొలిచి చెప్పాలి. పండు ఒకటి రెండు రోజులకు మించి ఆగదు గనుక ఆవిరిపట్టే పాత్రలు, రసం పిండే యంత్రాలు పలాస ఫ్యాక్టరీల్లో కాక తోటల గట్ల మీదనే ఉండాలి. మహిళా సంఘాలకు వాటిని వచ్చే మార్చిలోగా అందించవలసిన బాధ్యత ఉద్యానశాఖది.