గౌరవం ఒకరిస్తే వచ్చేది, డాబు తానే తెచ్చిపెట్టుకునేది

ఉగాండాలో, విక్టోరియా సరస్సు ఉత్తర తీరాన బుగాండా రాజ్యం ఉంది. దేశ రాజధాని కంపాలా ఉన్నది ఆ ప్రాంతంలోనే. అక్కడి గాండా ప్రజల భాష లుగాండా. పెద్దరికానికీ, లేని పెద్దరికానికీ అందులో ఉన్న మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా వ్యాకరణంలోనే కనబడుతుంది.

గౌరవాన్ని ‘ఎచితీబ్వ’ అంటారు. రాసేటప్పుడు రెండో అక్షరం ‘కి’, పలికేటప్పుడు ‘చి’. దీనికి మూలం భయపడటం అనే అర్థమున్న ‘ఒకుత్య’ క్రియ, అదీ కర్మణి ప్రయోగంలో. అంటే భయపడేది ఎదుటివాళ్లు. మన ‘భయభక్తులు’లో ఉన్న భయం లాంటిదే ఇది. పరువు, ప్రతిష్ఠ, వైభవం అన్నీ ఈ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. బుగాండా రాజ్యగీతం పేరు ‘ఎచితీబ్వ చ్యా బుగాండా’, అంటే బుగాండా వైభవం. మంత్రులనూ పార్లమెంటు సభ్యులనూ ‘ఓవెచితీబ్వ’ అని సంబోధిస్తారు. ఒకరిని గౌరవించడమంటే వారిలో ఎచితీబ్వ ‘పెట్టడం’. పెట్టాల్సింది పక్కవాళ్లే.

ఇక డాబుసరి సంగతి. ‘ఒకువాన’ అంటే పొగడటం, ‘ఒక్వేవాన’ అంటే గొప్పలు చెప్పుకోవడం. ‘ఒకుగులుమిజ’ కొనియాడటం, ‘ఒక్వేగులుమిజ’ తనను తాను హెచ్చించుకోవడం. ‘ఒకుమన్య’ అంటే తెలియడం. అదే ‘ఒక్వేమన్య’ అయితే, తానెంతవాడో తనకే తెలిసినట్టు మిడిసిపడటం. మధ్యలో చేరిన ‘ఎ’ పనిని చేసేవాడి మీదికే తిప్పుతుంది. తెలుగులో ‘పొగుడు’ను ‘పొగుడుకొను’గా మార్చే ‘కొను’ చేసేదీ ఇదే.

అలాగని ‘ఎ’ చేరిందల్లా చెడ్డమాట కాదు. ‘ఒక్వేతోవాజ’ అంటే తనను తాను తగ్గించుకోవడం. వినయానికి పేరైన ‘ఒబ్వేతోవాజె’ అందులోంచే పుట్టింది. ‘ఒక్వేవ ఎచితీబ్వ’ అంటే తనకు తాను గౌరవమిచ్చుకోవడం, పరువుగా మసలుకోవడం. గర్వాన్ని సూచించే మాటలన్నీ ఈ అచ్చులో పోసినవీ కావు. ‘అమలల’ అనే మాటలో ఆ ‘ఎ’ లేదు, అయినా దాని అర్థం గర్వమే.

కాబట్టి లుగాండా నేర్చుకునేవారు ‘ఒక్వే’తో మొదలైన క్రియ ఎదురైతే ముందు దాని మామూలు రూపం పట్టుకోవాలి. తర్వాత ఆ పని తన మీద తానే చేసుకుంటే ఏమవుతుందో ఆలోచించాలి. అది పొగడ్త అయితే డాబు, తగ్గింపు అయితే వినయం.