తోలుబొమ్మలాట తెర: కాంతిశాస్త్ర దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: తోలుబొమ్మలాటలో తెర కేవలం రంగాలంకరణ కాదు, బొమ్మ రూపాన్ని, రంగును, నగిషీని ప్రేక్షకునికి చేర్చే సాధనం. దీపం, బొమ్మ, తెర, ఎదుటి వెలుగు అనే నాలుగింటి సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: తోలుబొమ్మలాట, తెర, ఉపచ్ఛాయ, పరిక్షేపణం, ప్రదర్శన కళలు.

1. ఉపోద్ఘాతం

పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లోనే ప్రస్తావన పొందిన ప్రాచీన కళ తోలుబొమ్మలాట. దీనిని గురించి రాసేటప్పుడు మన దృష్టి సహజంగా రామాయణ, భారత కథలమీద, పాటమీద, కేతిగాడు, బంగారక్కల హాస్యంమీద నిలుస్తుంది. నడుమనున్న తెల్లని గుడ్డ మరుగున పడుతుంది. నిజానికి ప్రేక్షకుడు చూసేది బొమ్మను కాదు, ఆ గుడ్డమీద పడిన రంగుల నీడను.

2. తెర చేసే పని

సినిమా తెర ముందునుంచి పడిన కాంతిని తిప్పి పంపుతుంది. బొమ్మలాట తెర వెనుకనుంచి వచ్చిన కాంతిని పోనిచ్చి, నలుదిక్కులకూ చెదరగొడుతుంది. దీనినే పరిక్షేపణం అంటారు. గుడ్డ మరీ పలుచనైతే నూలు సందుల్లోనుంచి దీపం నేరుగా కంట పడుతుంది. ఒకచోట మిరుమిట్లు, అంచుల్లో చీకటి. మరీ మందమైతే వెలుగు సమంగా పరుచుకుంటుంది గాని బొమ్మ మసకబారుతుంది. సినిమా తెరకూ ఇటువంటి చిక్కే ఉంది. అల్యూమినియం పూత గల తెర ఎదుట కూర్చున్నవారికి కాంతిని పెంచి, పక్కవారికి తగ్గిస్తుంది.

3. బొమ్మను తెరకు ఆనించడం

దీపం బిందువు కాదు, దానికి వెడల్పు ఉంటుంది. అందువల్ల నీడ అంచున ఉపచ్ఛాయ అనే మసక పట్టీ ఏర్పడుతుంది. దాని వెడల్పు = దీపం వెడల్పు × (బొమ్మనుంచి తెర దూరం ÷ దీపంనుంచి బొమ్మ దూరం). 5 సెం.మీ. వెడల్పున్న బల్బు బొమ్మకు 150 సెం.మీ. వెనుక ఉన్నదనుకుందాం. బొమ్మ తెరకు 10 సెం.మీ. ఎడంగా ఉంటే మసక పట్టీ సుమారు 3.3 మి.మీ.; 1 సెం.మీ. దగ్గరకు వస్తే 0.33 మి.మీ. మాత్రమే. నగలను చూపడానికి తోలులో తొలిచిన రంధ్రం 2 మి.మీ. ఉంటే, మొదటి స్థితిలో అది మసకలో కరిగిపోతుంది. రెండవ స్థితిలో ముత్యంలా మెరుస్తుంది. కళాకారులు బొమ్మను తెరకు అదిమిపట్టి ఆడించడంలోని శాస్త్రం ఇదే. దీపాలు అనేకమైనప్పుడు ఒకే బొమ్మకు పలు నీడలు పడకుండా కాపాడేదీ ఈ ఆనికే. బొమ్మను వెనక్కి లాగితే నీడ పెరిగి, చెదరి, మాయమైనట్లు తోస్తుంది. అప్పుడు దోషమే అభినయమవుతుంది.

4. ఎదుటి వెలుగు

తెరమీద వెలుగుభాగం 20 పాళ్ళు, నీడభాగం 1 పాలు అనుకుంటే వాటి నిష్పత్తి 20:1. ప్రేక్షకులవైపునుంచి మరో 10 పాళ్ళ కాంతి తెరపై పడితే అది 30:11, అంటే మూడింతలకన్నా తక్కువ. విద్యుద్దీపాలు వెలుగుతున్న సభామందిరంలో బొమ్మ వెలవెలబోవడానికి కారణం కళాకారుని నైపుణ్యలోపం కానక్కరలేదు.

5. ముగింపు

అటువంటి ప్రదర్శనను చూసి కళ క్షీణించిందని తీర్పు చెప్పడం తొందరపాటు. క్షేత్రపర్యటన చేసే పరిశోధకులు పాటతోపాటు గుడ్డ రకం, దీపాల సంఖ్య, దూరాలు, ఎదుటి వెలుగు కూడా నమోదు చేయాలి. ఈ వివరాలు లేని నమోదులో కథ మిగులుతుంది గాని ఆట మిగలదు.