నాలుగు స్వరాలతో రాగం కట్టవచ్చా?

హైదరాబాద్ చిక్కడపల్లిలోని శ్రీ త్యాగరాయ గానసభలో మంచి కచేరీ ఉందంటే అశోక్‌నగర్, నారాయణగూడల నుంచి కూడా శ్రోతలు వస్తారు. త్యాగరాజ కృతులు వినేవారికి ఒక సందేహం సహజం. కొత్త రాగాలు పుట్టే కాలం అయిపోయిందా? మంగళంపల్లి బాలమురళీకృష్ణ జీవితంలో దీనికి జవాబుంది. 2030కి ఆయన పుట్టి నూరేళ్లవుతుంది. గాయకుడిగా ఆయన ఇంటింటా తెలుసు. వాగ్గేయకారుడిగా (మాటనూ, వరసనూ తానే కట్టేవాడు) ఆయన చేసిన పని మాత్రం అంతగా తెలియదు.

ఆయన 1930 జులై 6న అప్పటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. పసిబిడ్డగా ఉండగానే తల్లి సూర్యకాంతమ్మ పోయారు. తండ్రి పట్టాభిరామయ్య పెంచారు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు త్యాగరాజ శిష్యపరంపరలోని వారు.

బాలమురళి ముందు పట్టింది పాత లెక్కనే. స్వరాల్లో స, ప మారవు. రి-గ జతలు ఆరు, ద-ని జతలు ఆరు. ఆరారులు ముప్పయ్యారు. మధ్యమాలు రెండు కాబట్టి మేళకర్తలు (ఏడు స్వరాలూ ఉన్న తల్లి రాగాలు) 72. వీటిలో 40 వివాది మేళాలు (పక్క స్వరాలు ఒకదానితో ఒకటి పొసగనివిగా ఎంచేవి). వాటి జోలికి పోయేవారు తక్కువ. బాలమురళి చిన్న వయసులోనే 72 మేళాల్లోనూ కృతులు కట్టారు.

ఆ తర్వాతే స్వరాలు తగ్గించారు. ఆయన కట్టిన ‘మహతి’ రాగంలో ఉన్నవి స, గ, ప, ని మాత్రమే. రి, మ, ద లేవు. అడుగడుగునా పెద్ద అంగ వేయాలి. పాశ్చాత్య సంగీతంలో ఇవే నాలుగూ ఒక్కసారిగా మోగితే ‘డామినెంట్ సెవెంత్’ అంటారు. అక్కడ అది సాధారణంగా తర్వాతి స్వరగుచ్ఛానికి దారితీస్తుంది. బాలమురళి దాన్నే నిలిచి పాడుకునే చోటుగా మార్చారు. ఆయనదే మరో రాగం ‘లవంగి’లో స, రి, మ, ద మాత్రమే ఉంటాయి.

దీనిపై అభ్యంతరాలు వచ్చాయి. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది పాత లక్షణం. వీణ విద్వాంసుడు ఎస్.బాలచందర్ ఈ రాగాల విషయంలో గట్టిగా ఆక్షేపించారు. ఆ వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. స్వరాలు తగ్గితే సంచారాలు (రాగం తిరిగే దారులు) తగ్గుతాయి. ఎక్కువసేపు ఆలాపన చేస్తే పాడిందే పాడినట్టవుతుంది.

కానీ రాగాన్ని నిలబెట్టేది దాన్ని ఇతరులు ఎత్తుకోవడమే. ఎం.ఎస్.విశ్వనాథన్ 1975లో ‘అపూర్వ రాగంగళ్’ అనే తమిళ చిత్రంలో మహతిని వాడారు. లవంగిని ఇతర కళాకారులూ అందుకున్నారు. త్యాగరాజు కూడా అరుదైన ఎన్నో రాగాలకు కృతులతోనే రూపమిచ్చారు. బాలమురళి ఆ దారిలోనే నడిచారు. ఆయన కొత్తదనానికి బలం 72 మేళాల అభ్యాసం. కొత్త రాగం కట్టాలనుకునే విద్యార్థి ముందు ఆ లెక్కను గొంతులోకి తెచ్చుకోవాలి.