కంప్యూటరు దస్త్రములో నేతగాని పేరు

మా సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు పూర్వము నూలు గురించియు, కూలి గురించియు అడిగెడివారు. ఇప్పుడు ఫోను చేత పట్టుకొని వచ్చి, "ఇందులో ఏమొచ్చిందో చూడండి" అనుచున్నారు. పింఛను, బీమా, నూలు రాయితీ, ముద్రా ఋణము, అన్నిటికిని కంప్యూటరే ద్వారమైనది. ఆ ద్వారము వద్ద మన కుటుంబములు ఎక్కడ ఆగిపోవుచున్నవో, మేము చూచినంతవరకు వ్రాయుచున్నాము.

2023 సెప్టెంబరు 15న కాంచీపురములో శ్రీ ఎం.కె. స్టాలిన్ ముఖ్యమంత్రి హోదాలో, కుటుంబ స్త్రీలకు నెలకు 1,000 రూపాయలిచ్చు పథకమును ప్రారంభించిరి. మా సభ్యురాలైన ఒక అవ్వ శిబిరమునకు పోయి దరఖాస్తు ఇచ్చినది. వ్రేలిముద్ర పడలేదు. ఫోనుకు వచ్చు సంఖ్య చెప్పిన చాలుననిరి. ఆ ఫోను నెంబరు తిరుప్పూరులో పనిచేయు చిన్న కుమారునిది. వాడు పనిలో నుండి బయటికి వచ్చి చెప్పువరకు ఆమె అచ్చటనే కూర్చున్నది. దరఖాస్తు మంజూరైనట్లు కబురు వచ్చినది గాని, నెలలు గడచినను సొమ్ము రాలేదు. బ్యాంకునకు రెండుసార్లు పోయినది. "ఇక్కడికి రాలేదు" అన్న మాట తప్ప మరియొకటి ఎవరును చెప్పలేదు.

మేము ఆధార్ వెబ్‌సైటులో చూచితిమి. ఆమె ఆధార్ వేరొక బ్యాంకునకు ముడిపడి యున్నది.

"నాయనా, నేనా బ్యాంకు గడపే తొక్కలేదే!"

"అప్పు కోసం ఎక్కడైనా వేలిముద్ర వేశావా అవ్వా?"

అప్పుడు జ్ఞప్తికి వచ్చినది. కుమార్తె ఊరిలో అప్పు సంఘమువారు ఒక ఖాతా తెరచి ఇచ్చియుండిరి. ఆధార్ ద్వారా పంపు ప్రభుత్వ సొమ్ము, మనము చూపిన పాసుపుస్తకమునకు పోదు. ఆధార్‌ను చివరిసారి ఏ ఖాతాకు ముడివేసితిమో దానికే పోవును. సొమ్మంతయు ఆ ఖాతాలో భద్రముగానే యున్నది. ఈ సంగతి బ్యాంకులో ఒక్కరు చెప్పియుండిన ఆమెకు అన్ని పనిదినములు పోయెడివి కావు. కొత్త ఖాతా తెరచునపుడు "ఆధార్ జోడింతుమా" అని అడిగిన, ఇకమీదట ఆలోచించి తలయూపవలెను.

పేర్ల చిక్కు ఇంతకంటె పెద్దది. మనము ఇంటిపేరు ముందు పెట్టి వ్రాసికొందుము. షోలాపురములో ఇంటిపేరును చివరకు తెత్తురు, నడుమ తండ్రిపేరో భర్తపేరో చేర్తురు. తమిళనాట ఇంటిపేరే అడుగరు, తండ్రిపేరులోని మొదటి అక్షరము చాలును. పైగా తమిళ లిపిలో ప, బ, భ లకు ఒకే అక్షరము. భద్రయ్య అను పేరును తమిళములో వ్రాసి, దానిని చూచి మరల ఇంగ్లీషులో వ్రాసిన, 'బి' పోయి 'పి' వచ్చును. మనుష్యుడు చూచిన ఇద్దరును ఒక్కడే యని నవ్వి ఊరకుండును. యంత్రమునకు ఇద్దరు భద్రయ్యలు.

ఇది నవ్వులాట కాదు. ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాలో 18 మొదలు 50 ఏండ్ల లోపువారు చేరవచ్చును. సంవత్సరమునకు 436 రూపాయలు ఖాతా నుండి పోవును. సభ్యుడు మరణించిన, అతడు సూచించిన వారికి 2 లక్షలు రావలెను. మా సభ్యుడొకడు పోయినపుడు అతని భార్య పేరు బీమా కాగితములో ఒక తీరునను, ఆధార్‌లో ఒక తీరునను ఉన్నది. రెండు పేర్లును ఆమెవేయని రుజువు చేయుటకు నెలలు పట్టినది. ఆ నెలలలో మగ్గము దిగిపోయినది, పెద్దవాని చదువు ఆగినది. సొమ్ము వచ్చినది గాని వాడు మరల బడికి పోలేదు.

కావున పేరు సరిచేయించుకొనువారు తొందరపడరాదు. ఆధార్‌లో పేరు మార్పునకు రెండు అవకాశములే కలవు. ముందుగా బ్యాంకు పుస్తకము, రేషను కార్డు, నేతగాని గుర్తింపు కార్డు, బీమా కాగితము ప్రక్కప్రక్కన పెట్టి, ఏ వ్రాత ఎక్కువ చోట్ల ఉన్నదో దానికే తక్కినవి కుదుర్చుకొనవలెను. మా కార్యాలయములో ఒక ఆదివారము ఈ పనియే పెట్టుకొంటిమి. సాయంకాలమునకు సగము మంది పని కూడ కాలేదు.

వ్రేలిముద్ర మాట. ఏండ్ల తరబడి పడుగు పోగులు అతికిన వ్రేళ్ళలో గీతలు అరిగిపోవును. ఇది మన తప్పు కాదు, సిగ్గుపడి ఇంటికి రానక్కరలేదు. కంటిపాప గుర్తు, ముఖము గుర్తు, ఫోనుకు వచ్చు సంఖ్య అను దారులు కలవు. యంత్రము ముద్ర పట్టలేదని రేషను మొదలగునవి నిరాకరింపరాదని ఆధార్ సంస్థ 2017 అక్టోబరులోనే ఉత్తరువిచ్చినది. గట్టిగా అడుగవలెను.

మెచ్చదగినది లేకపోలేదు. 2017 మేలో కేంద్ర జౌళి శాఖ 'బునకర్ మిత్ర' అను ఫోను సహాయ కేంద్రమును ప్రారంభించి, ఏడు భాషలలో తెలుగును చేర్చినది. ఇల్లు వదలి తరములైన మనకు, మన మాటలో అడిగి జవాబు వినుట చిన్న మేలు కాదు. పిండి వంటివన్నియు వెబ్‌సైటులలో పోసి, గరిటె మాత్రము ఇంగ్లీషులో ఉంచినట్లుండు తక్కిన శాఖలు దీనిని చూచి నేర్వవచ్చును.

మా అవ్వకు ఖాతా మార్పించితిమి. ఆ తరువాత చాలా నెలలు, పదునైదవ తేదీ సాయంకాలము కండెలకు వచ్చినపుడు, కుమారుడు కొనియిచ్చిన ఫోను మా బల్లమీద పెట్టి "పడిందా నాయనా?" అని అడిగెడిది.