ఆవకాయ జాడీ, ఆవకాయ పద్ధతి: లాంబ్డాల కథ

ఇండియా నుంచి బయలుదేరేటప్పుడు అమ్మ ఆవకాయ జాడీ కట్టి ఇస్తుంది. అది అయిపోయాక ఫోన్ చేస్తే, ఆవపిండి ఎంత, కారం ఎంత, ఉప్పు ఎంత అని పాళ్ళు చెప్పి ఎలా కలపాలో వివరిస్తుంది. మొదటిసారి మన చేతికి వచ్చింది పచ్చడి. రెండోసారి వచ్చింది పచ్చడి చేసే పద్ధతి. ఈ తేడా పట్టుబడితే లాంబ్డాలు సగం అర్థమైనట్టే.

మామూలుగా మనం ఫంక్షన్‌ని పిలిచి, అది ఇచ్చే జవాబుని వాడుకుంటాం. కానీ పైథాన్, జావాస్క్రిప్ట్ వంటి భాషల్లో అంకెలూ, పేర్లూ ఎలాంటి విలువలో ఫంక్షన్ కూడా అలాంటి విలువే. దాన్ని వేరియబుల్‌లో దాచుకోవచ్చు, లిస్టులో పెట్టుకోవచ్చు, ఇంకో ఫంక్షన్‌కి అందించవచ్చు. పైథాన్‌లో ఫంక్షన్ పేరు పక్కన బ్రాకెట్లు పెడితే అది అప్పటికప్పుడు నడిచి జవాబు ఇస్తుంది. అది జాడీ. బ్రాకెట్లు లేకుండా పేరొక్కటే రాస్తే అది పద్ధతి.

దీనివల్ల లాభం ఏమిటి? మన సంఘం సభ్యుల జాబితాని వరుసలో పెట్టాలనుకోండి. పైథాన్‌లోని సార్టెడ్ అనే ఫంక్షన్‌కి వరుస పెట్టడం వచ్చు. దేన్నిబట్టి పెట్టాలో మాత్రం మనమే చెప్పాలి. సభ్యుణ్ణి ఇస్తే చేరిన సంవత్సరం తిరిగిచ్చే చిన్న ఫంక్షన్ అందిస్తే పని అయిపోతుంది. ఒక్కసారి వాడి వదిలేసే దానికి పేరెందుకు? అలా పేరు పెట్టకుండా అక్కడికక్కడే రాసుకునే ఫంక్షనే లాంబ్డా.

ఈ పేరు 1930లలో అలోంజో చర్చ్ రూపొందించిన లాంబ్డా కాలిక్యులస్ నుంచి వచ్చింది. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్ భాష దాన్ని ప్రోగ్రామింగులోకి తెచ్చింది. సీ షార్ప్‌లోకి 2007లో, సీ ప్లస్ ప్లస్‌లోకి 2011లో, జావాలోకి 2014లో లాంబ్డాలు వచ్చి చేరాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. కొన్నేళ్ళ క్రితం పది మంది కస్టమర్లకి రిమైండర్లు పంపే చిన్న పైథాన్ ప్రోగ్రాం రాశాను. లూప్‌లో ఒక్కొక్కరికి ఒక్కో లాంబ్డా తయారుచేసి లిస్టులో దాచి, రాత్రికి అన్నీ వరుసగా నడిచేలా పెట్టాను. పొద్దున చూస్తే తొమ్మిది మందికి ఒక్క ఈమెయిలూ వెళ్ళలేదు. పదో ఆయనకి మాత్రం పది వెళ్ళాయి! ఆయనకి క్షమాపణ చెప్పుకుంటూ పదకొండోది నేనే పంపాల్సి వచ్చింది.

ఎందుకలా జరిగింది? అమ్మ చెప్పిన పద్ధతిలో "డబ్బాలో ఉన్న కారం వెయ్యి" అని ఉందనుకోండి. రాసుకున్న రోజు డబ్బాలో గుంటూరు కారం ఉంది. కలిపే రోజుకి అందులో వేరే కారం పోశారు. పచ్చడిలో పడేది ఆ వేరే కారమే కదా! లాంబ్డా కూడా బయటి వేరియబుల్‌లోని విలువని నకలు తీసి ఉంచుకోదు, ఆ వేరియబుల్‌నే గుర్తుపెట్టుకుంటుంది. నా పది లాంబ్డాలూ ఒకే డబ్బా వైపు చూస్తున్నాయి. అవి నడిచే వేళకి లూప్ ముగిసిపోయి, డబ్బాలో పదో కస్టమరు మిగిలాడు.

పైథాన్‌లో దీనికి విరుగుడు తేలికే. లాంబ్డాకి ఒక పారామీటరు పెట్టి, దాని డిఫాల్టు విలువగా ఆ కస్టమరుని ఇవ్వాలి. డిఫాల్టు విలువని లాంబ్డా తయారయ్యే క్షణంలోనే లెక్క కడతారు కాబట్టి ఎవరి కారం వాళ్ళ పొట్లంలో ఉంటుంది.

ఈ గోతిలో నేనొక్కణ్ణే పడలేదు. భాషలు తయారుచేసేవాళ్ళే దీన్ని గమనించి నియమాలు మార్చారు. సీ షార్ప్ 2012లో ఫర్‌ఈచ్ లూప్‌ని, గో భాష 2024లో ఫర్ లూప్‌ని సవరించి, ప్రతి చుట్టుకీ కొత్త వేరియబుల్ ఇచ్చాయి. జావాస్క్రిప్ట్‌లో 2015లో వచ్చిన లెట్ చేసే పనీ అదే. జావా అయితే, విలువ మారే లోకల్ వేరియబుల్‌ని లాంబ్డాలో వాడితే కంపైల్ చెయ్యడానికే ఒప్పుకోదు. పైథాన్‌లో మాత్రం జాగ్రత్త మనదే.

నేను టెస్టు చేసింది ఒక్క కస్టమరుతో. ఒక్కడే ఉంటే మొదటివాడూ వాడే, చివరివాడూ వాడే, అందుకే తప్పు బయటపడలేదు. కాబట్టి లూప్‌లో లాంబ్డా రాసినప్పుడల్లా కనీసం ఇద్దరితో పరీక్షించండి. రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను ఇస్తున్నది కారమా, కారం డబ్బానా?