రవి అస్తమించిన సామ్రాజ్యం

రాజ్యానికి ఏడు అంగాలు ఉంటాయని మన ప్రాచీన రాజనీతి చెబుతుంది. అవి ప్రభువు, మంత్రి, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. కోశమంటే ధనాగారం, దండమంటే సైన్యం. సైన్యానికి కోశమే మూలాధారమని కౌటిల్యుని మతం. ఈ సూత్రం ఎంత సత్యమో బ్రిటిష్ సామ్రాజ్య పతనం నిరూపించింది.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భూభాగంలో ఇంచుమించు నాల్గవ వంతు బ్రిటన్ ఏలుబడిలో ఉండేది. ‘రవి అస్తమించని సామ్రాజ్యం’ అన్న ప్రసిద్ధి దానికి సార్థకమే. అయినా క్షీణతా బీజాలు అప్పటికే మొలకెత్తాయి. 19వ శతాబ్ది చివరికే అమెరికా, జర్మనీలు ఉక్కు ఉత్పత్తిలో బ్రిటన్‌ను మించిపోయాయి. యుద్ధవ్యయం ఆ దేశాన్ని అమెరికాకు ఋణగ్రస్తను చేసింది. 1931లో పౌండుకు బంగారంతో ఉన్న ముడి తెగిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ విజయం సాధించింది. కోశం మాత్రం వట్టిపోయింది. ఆర్థికవేత్త కీన్స్ జరిపిన సంప్రదింపుల ఫలితంగా 1945లో అమెరికా 375 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. దాని చివరి వాయిదా 2006లో గాని తీరలేదు. యుద్ధకాలంలో సైతం లేని రొట్టెల రేషన్‌ను 1946లో, శాంతికాలంలో, విధించవలసి వచ్చింది.

అంతకంటె విచిత్రం, పాలకులు పాలితులకు బాకీపడటం. యుద్ధం కోసం భారతదేశం సమకూర్చిన సరుకులకు బ్రిటన్ రొక్కం చెల్లించక, లండన్‌లో పద్దు రాసి ఉంచింది. ఆ బాకీ వందకోట్ల పౌండ్లు దాటింది. ఆ వ్యయం నిమిత్తం ఇక్కడ నోట్లు ముద్రించగా ధరలు మిన్నంటాయి. 1943 నాటి బెంగాల్ కరవు లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ పద్దులోని అంకెల వెనుక ప్రజల ఆకలి ఉన్నది. స్వాతంత్ర్యోద్యమాన్ని ఇక అణచి ఉంచే శక్తి పాలకులకు లేకపోయింది. 1947లో భారతదేశం విముక్తమైంది.

1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. ఇజ్రాయెల్, ఫ్రాన్స్‌లతో కూడి బ్రిటన్ ఈజిప్టుపై దాడి చేసింది. రణరంగంలో దాని సైన్యం ముందుకే సాగింది. కాని విపణిలో పౌండు పడిపోసాగింది. యుద్ధం ఆపనిదే సహాయం లేదని అమెరికా తేల్చి చెప్పింది. కోశం శూన్యమై, మిత్రుడు విముఖుడైన వేళ దండం నిష్ప్రయోజనమైంది. ఆ ఏడాది ముగియకముందే సైన్యం వెనుదిరిగింది. 1957 జనవరిలో ప్రధాని ఈడెన్ పదవి వదులుకున్నాడు.

అటుపిమ్మట ఆఫ్రికా వలసలు ఒక్కొక్కటిగా స్వతంత్రమయ్యాయి. 1967లో పౌండు విలువ మరల తగ్గించవలసి వచ్చింది. సూయజ్‌కు తూర్పునగల ప్రధాన స్థావరాల నుండి వైదొలగుతామని 1968లో ప్రభుత్వం ప్రకటించింది. 1997లో హాంకాంగ్ చైనా వశమైంది.

బ్రిటన్ నేటికీ సంపన్న దేశమే. భద్రతామండలిలో శాశ్వత సభ్యత్వం గలదే. పోయింది పరుల నేలపై పెత్తనం. కలిమిలేములు కావడికుండలన్న సామెత వ్యక్తులకే కాదు, సామ్రాజ్యాలకూ వర్తిస్తుంది.